ఊరు మారితే ఆగిపోయే సాయం: ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబాల ముందున్న ప్రశ్న

భారత పౌరులు దేశంలో ఎక్కడికైనా వెళ్లవచ్చు, ఎక్కడైనా స్థిరపడవచ్చు. రాజ్యాంగంలోని 19వ అధికరణం ఈ రెండు స్వేచ్ఛలనూ స్పష్టంగా ఇచ్చింది. అయితే మంచం దిగలేని వృద్ధురాలికి, మరొకరి సాయం లేనిదే స్నానం కూడా చేయలేని వికలాంగునికి ఈ స్వేచ్ఛ ఆచరణలో ఎంతవరకు మిగులుతోంది? నెలనెలా అందే పింఛను, ఆసుపత్రి ఖర్చు భరించే కార్డు, ఇంటికి వచ్చి చూసే ఆరోగ్య కార్యకర్త, ఇవన్నీ ఒక చిరునామాకు ముడిపడి ఉన్నాయి. చిరునామా రాష్ట్రం దాటితే ఆ ముడి తెగిపోతుంది.

ఈ సమస్య తీవ్రతను అర్థం చేసుకోవడానికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం తగిన ఉదాహరణ. అక్కడ ఒకే వీధిలో, ఒకే భాష మాట్లాడే రెండు కుటుంబాల్లో ఒకదానికి రాష్ట్ర సరిహద్దు అడ్డే కాదు. రెండోదానికి అదే దాటరాని గోడ.

రైలు దారి వెంట ఏర్పడిన తెలుగు పట్టణం

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కూడలిగా ఎంచుకుని అక్కడ పెద్ద వర్క్‌షాప్‌ను నెలకొల్పింది. 1902లో కటక్ నుంచి విజయనగరం వరకు ఉన్న తూర్పు తీర రైలుమార్గం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో ఉత్తరాంధ్ర పల్లెలకూ ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌కూ మధ్య నేరుగా దారి పడింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లిన కార్మికులు అక్కడే కుదురుకున్నారు. మథురాకటి, నింపురా వంటి పేటలలో వారి మూడో, నాలుగో తరాలు నేటికీ తెలుగు మాట్లాడుతున్నాయి. దేశం నలుమూలల వారూ కలిసి నివసించే ఈ పట్టణానికి మినీ ఇండియా అన్న పేరు కూడా ఉంది.

1955లో ఏర్పడిన ఆగ్నేయ రైల్వేలో ఖరగ్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ భాగమయ్యాయి. 2003లో తూర్పు తీర రైల్వే వేరుపడే వరకు ఈ అనుబంధం కొనసాగింది. ఒకే రైల్వే కిందనున్న రెండు పట్టణాల మధ్య బదిలీలు, పెళ్లి సంబంధాలు, పండుగ ప్రయాణాలు సాధారణమయ్యాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించాలని నిర్ణయించడం వెనుక ఈ సుదీర్ఘ చరిత్ర ఉంది.

భాషకు గుర్తింపు వచ్చింది. అయితే వృద్ధాప్యంలో సొంత ఊరికి తిరిగి వెళ్లాలనుకునేవారికి, లేదా ఊరిలో ఒంటరిగా మిగిలిన తల్లిని తమ దగ్గరకు తెచ్చుకోవాలనుకునేవారికి ఎదురయ్యే చిక్కు వేరు. దానికి ఇంకా పరిష్కారం దొరకలేదు.

వెంట వచ్చేవి, వెనుకే ఉండిపోయేవి

రైల్వేలో శాశ్వత ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందిన వ్యక్తికి పింఛను బ్యాంకు ద్వారా అందుతుంది. ఆయన ఖరగ్‌పూర్‌లో ఉన్నా, ఆమదాలవలసలో ఉన్నా ఆ మొత్తంలో తేడా ఉండదు. ఆయన మరణానంతరం భార్యకు కుటుంబ పింఛను కూడా అలాగే వస్తుంది. 80 ఏళ్లు నిండితే మూల పింఛనుపై 20 శాతం, 85 నిండితే 30 శాతం, 90 నిండితే 40 శాతం అదనంగా చేరుతుంది. పదవీ విరమణ చేసిన రైల్వే ఉద్యోగుల ఆరోగ్య పథకంలో సభ్యత్వం ఉంటే, ఉమీద్ కార్డుతో దేశంలోని రైల్వే ఆసుపత్రుల్లో వైద్యం పొందవచ్చు. ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రిని విడిచి వచ్చినవారికి విశాఖపట్నంలోని రైల్వే ఆసుపత్రి ఉంటుంది.

ప్రైవేటు సంస్థల్లో, కాంట్రాక్టు పనుల్లో భవిష్య నిధి చందా కట్టినవారికీ కొంత వెసులుబాటు వచ్చింది. ఉద్యోగుల పింఛను పథకం కింద కనీస పింఛను నెలకు రూ. 1,000 మాత్రమే అయినా, 2025 జనవరి నుంచి దానిని దేశంలో ఏ బ్యాంకు శాఖ నుంచైనా తీసుకునే కేంద్రీకృత విధానం అమల్లోకి వచ్చింది.

అదే పట్టణంలో రోజు కూలీగా, రిక్షా కార్మికునిగా, ఇళ్లలో పనిమనిషిగా, చిన్న దుకాణదారుగా బతికినవారికి ఇవేవీ లేవు. వారి ఆధారమంతా రాష్ట్ర ప్రభుత్వ పథకాలే. 2018లో పశ్చిమ బెంగాల్ వికలాంగుల కోసం ప్రారంభించిన మానబిక్ పథకం, 2020లో వృద్ధుల కోసం తెచ్చిన జయ్ బంగ్లా పథకం నెలకు రూ. 1,000 చొప్పున ఇచ్చాయి. 2016 డిసెంబరులో మొదలై, 2020 డిసెంబరు నుంచి రాష్ట్ర కుటుంబాలన్నిటికీ విస్తరించిన స్వాస్థ్య సాథీ ఏటా కుటుంబానికి రూ. 5 లక్షల వరకు ఆసుపత్రి ఖర్చుకు హామీ ఇచ్చింది. కార్డు ఇంటి పెద్ద మహిళ పేరిట ఉంటుంది. భార్యాభర్తలిద్దరి తల్లిదండ్రులనూ అందులో చేర్చుకునే వీలుంది.

ఈ రెండు కుటుంబాల మధ్య తేడా డబ్బుతో ఆగిపోదు. మొదటి కుటుంబానికి వచ్చే హక్కు ఆ వ్యక్తి చేసిన ఉద్యోగం నుంచి పుట్టింది కనుక వ్యక్తి వెంట నడుస్తుంది. రెండో కుటుంబానికి వచ్చే సాయం రాష్ట్ర నివాసం నుంచి పుట్టింది కనుక నివాసంతోనే నిలిచిపోతుంది. దేహం అత్యంత బలహీనంగా ఉన్నప్పుడు, అయినవారి దగ్గరకు చేరవలసిన సమయంలో, కదలలేని సాయం దక్కేది నిరుపేదలకే.

శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్‌కు: ఎదురు దిక్కు ప్రయాణం

ఎదురు దిశలో చూస్తే చిక్కు మరింత స్పష్టమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై 1 నుంచి ఎన్టీఆర్ భరోసా పేరిట పెంచిన పింఛన్లు అమల్లోకి వచ్చాయి. వృద్ధాప్య పింఛను నెలకు రూ. 4,000, వికలాంగుల పింఛను రూ. 6,000 అయ్యాయి. డయాలిసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు రూ. 10,000, పక్షవాతంతోగానీ తీవ్రమైన కండరాల క్షీణతతోగానీ మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ. 15,000 నిర్ణయించారు. ప్రతి నెలా మొదటి తేదీన సచివాలయ సిబ్బంది ఇంటికే వచ్చి ఈ సొమ్ము అందజేస్తారు.

ఆ రూ. 15,000ను సంరక్షణ భత్యమని ఎవరూ పిలవకపోయినా, ఆచరణలో అది చేసే పని అదే. పల్లెలో ఒక ఆయాను పగటిపూట పెట్టుకోవడానికో, పని మానుకుని ఇంట్లో ఉండే కోడలి కూలికి బదులుగానో ఆ డబ్బు ఉపయోగపడుతుంది.

ఊహకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. శ్రీకాకుళం జిల్లాలోని పల్లెలో పక్షవాతంతో మంచం పట్టిన తల్లి ఉంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు ఖరగ్‌పూర్‌లో కాంట్రాక్టు కార్మికుడు. ఆమెకు పింఛను అందేది పల్లెలో. ఆమెను ఎత్తి కూర్చోబెట్టి, అన్నం తినిపించి, పక్క మార్చే చేతులున్నది ఖరగ్‌పూర్‌లో. రెండు నెలల వరకు తీసుకోని పింఛనును మూడో నెలలో కలిపి ఇచ్చే సడలింపును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 చివరిలో తెచ్చింది. కొడుకు దగ్గర కొన్ని వారాలు ఉండి వచ్చే తల్లికి ఇది మేలు చేసిన నిర్ణయం. కానీ ఆమె శాశ్వతంగా కొడుకు దగ్గరకు చేరితే, స్థానిక నివాసమే అర్హతగా ఉన్న ఆ పింఛను ఆమెకు దక్కదు. పశ్చిమ బెంగాల్‌లో కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. అక్కడ ఆమెను నివాసిగా గుర్తించి, మంజూరు చేసినా, 2018 నాటి రేటు ప్రకారం వచ్చేది పాత మొత్తంలో పదిహేనో వంతు.

సాయం ఒక రాష్ట్రంలో, సంరక్షకుడు మరో రాష్ట్రంలో ఉన్నప్పుడు కుటుంబం ఏదో ఒకటి వదులుకోక తప్పదు. తల్లి ఒంటరిగా పల్లెలో మిగలాలి, లేదా కొడుకు పని వదిలి తిరిగి రావాలి, లేదా పింఛను పోగొట్టుకుని తల్లి రైలెక్కాలి. ఈ మూడు దారుల్లోనూ నష్టపోయేది ఆ కుటుంబమే.

ఆసుపత్రి కార్డుకు ఉన్న హద్దులు

2018 సెప్టెంబరు 23న ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనలో రాష్ట్రం దాటినా పనిచేసే ఏర్పాటు మొదటి నుంచే ఉంది. అర్హత గల కుటుంబం పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోనైనా నమోదైన ఆసుపత్రిలో చికిత్స పొందవచ్చు. ఖర్చును సొంత రాష్ట్రం భరిస్తుంది. పశ్చిమ బెంగాల్ మాత్రం 2019 జనవరిలో ఈ పథకం నుంచి వైదొలగి స్వాస్థ్య సాథీని కొనసాగించింది. 2024 అక్టోబరు 29న 70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా రూ. 5 లక్షల వరకు చికిత్స సదుపాయం ప్రారంభమైనప్పుడు కూడా ఆ రాష్ట్రం అందులో చేరలేదు. 2025 జనవరిలో ఒడిశా చేరింది. ఆ దశలో ఖరగ్‌పూర్ నుంచి ఆంధ్ర వైపు వచ్చే దారిలో బాలాసోర్‌లో చెల్లే కార్డుకు ఖరగ్‌పూర్‌లో చెల్లుబాటు లేని విచిత్ర స్థితి ఏర్పడింది.

ఆంధ్రప్రదేశ్ వైపు నుంచి చూసినా హద్దులు ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీని ప్రయోగాత్మకంగా ప్రారంభించిన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2019 నవంబరులో హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాల్లోని ఎంపిక చేసిన ఆసుపత్రులకూ ఆ పథకాన్ని విస్తరించారు. రాష్ట్రవాసులు వైద్యం కోసం ఎక్కువగా వెళ్లే నగరాలు అవే కనుక ఆ ఎంపిక సహేతుకమే. ఉత్తరాంధ్ర నుంచి తూర్పుకు వలస వెళ్లిన కుటుంబాల అవసరం ఆ జాబితాలో ప్రతిబింబించలేదు.

ఇంతకంటే పెద్ద లోటు మరొకటి ఉంది. ఈ బీమా పథకాలన్నీ ఆసుపత్రిలో చేరిన రోగికి ఉద్దేశించినవి. ఆయుష్మాన్ భారత్‌లో చేరికకు ముందు మూడు రోజులు, డిశ్చార్జి తర్వాత పదిహేను రోజుల ఖర్చులు చేరి ఉంటాయి. పదహారో రోజు నుంచి ఇల్లే ఆసుపత్రి అవుతుంది. పుండ్లు పడకుండా పక్క మార్చడం, గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం, మూత్రపు సంచి మార్చడం, ఇవన్నీ కుటుంబంలోని ఆడవారి మీద పడతాయి. జీతానికి వచ్చే ఆయా ఖర్చును ఈ కార్డులు భరించవు. కార్డును రాష్ట్రం దాటించగలిగినా, దీర్ఘకాల గృహ సంరక్షణ అన్న అసలు అవసరం అలాగే మిగిలిపోతుంది.

రాజ్యాంగం ఏమంటోంది?

ఈ చీలికకు మూలం రాజ్యాంగంలోని ఏడవ షెడ్యూలులో ఉంది. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలోని ఆరో అంశం. వికలాంగులకు, పనిచేయలేని వారికి సహాయం అదే జాబితాలోని తొమ్మిదో అంశం. సామాజిక భద్రత, సామాజిక బీమా మాత్రం ఉమ్మడి జాబితాలోని 23వ అంశం. వృద్ధాప్యం, అనారోగ్యం, అంగవైకల్యం ఎదురైనప్పుడు ప్రభుత్వ సహాయం పొందే హక్కు కల్పించేందుకు రాజ్యం తన ఆర్థిక శక్తి మేరకు కృషి చేయాలని 41వ అధికరణం నిర్దేశిస్తోంది. అంటే బాధ్యత అందరిదీ, ఖర్చు మాత్రం ఎక్కువగా రాష్ట్రానిది.

కేంద్రం వాటా ఎంత తక్కువో చూస్తే విషయం బోధపడుతుంది. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద 60 నుంచి 79 ఏళ్ల పేద వృద్ధులకు కేంద్రం ఇచ్చేది నెలకు రూ. 200. 80 ఏళ్లు దాటితే రూ. 500. తీవ్ర వైకల్యం ఉన్న పేదలకు రూ. 300. ఆంధ్రప్రదేశ్ ఇచ్చే రూ. 4,000లో ఈ వాటా స్వల్పం. తన ఖజానా నుంచి ఖర్చుపెట్టే రాష్ట్రం, ఆ ఖర్చు తన పరిధిలో నివసించేవారికే పరిమితం కావాలనుకోవడంలో తప్పు పట్టడానికి వీల్లేదు.

వికలాంగుల హక్కుల విషయంలో మాత్రం చట్టం ఒక అడుగు ముందుకు వేసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని అయిదో సెక్షన్ సమాజంలో జీవించే హక్కును గుర్తించి, వ్యక్తిగత సహాయకుల సేవలతో సహా ఇంటి వద్ద సహాయ సేవలు అందుబాటులో ఉండాలని చెప్పింది. 24వ సెక్షన్ సామాజిక భద్రత పథకాల్లో అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షక భత్యాన్ని ప్రస్తావించింది. 58వ సెక్షన్ ప్రకారం వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతుంది. ధ్రువపత్రం సరిహద్దు దాటుతుంది గాని, దాని ఆధారంగా వచ్చే నెలవారీ సొమ్ము దాటదు. చట్టం వాగ్దానానికీ అమలుకూ మధ్య దూరం ఇక్కడే కనిపిస్తుంది.

న్యాయస్థానాలు కూడా నివాసం ఆధారంగా వైద్యాన్ని నిరాకరించడాన్ని ప్రశ్నించాయి. ఢిల్లీలోని గురు తేజ్ బహాదుర్ ఆసుపత్రిలో నగరవాసులకు ప్రాధాన్యం ఇస్తూ జారీ అయిన ఉత్తర్వును 2018 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. ఆసుపత్రి తలుపు ఎవరికైనా తెరిచి ఉండాలన్న సూత్రం అలా బలపడింది. నెలవారీ పింఛనుకు, గృహ సంరక్షణకు ఆ సూత్రం ఇంకా విస్తరించలేదు.

ఇతర దేశాల అనుభవం

ఈ చిక్కు మన దేశానికే ప్రత్యేకం కాదు. అమెరికాలో పేదలకు, వికలాంగులకు వైద్యసాయం అందించే మెడికెయిడ్ 1965లో ఏర్పడింది. కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఖర్చు భరించినా నిర్వహణ రాష్ట్రాలది. రాష్ట్రం మారినవారు పాత రాష్ట్రంలో సభ్యత్వం ముగించుకుని కొత్త రాష్ట్రంలో మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. వృద్ధాశ్రమానికి వెళ్లకుండా ఇంట్లోనే సహాయకుల సేవలు పొందేందుకు 1981లో వచ్చిన ప్రత్యేక అనుమతుల విధానంలో ప్రతి రాష్ట్రానికీ వేర్వేరు షరతులు, వేర్వేరు పరిమితులు ఉన్నాయి.

కొత్తగా వచ్చినవారు ఏడాది నివాసం ఉంటేనే ఉచిత వైద్యం ఇస్తామన్న అరిజోనాలోని మారికోపా కౌంటీ నిబంధనను 1974లో అమెరికా సుప్రీంకోర్టు చెల్లదని తీర్పు చెప్పింది. అంటే చట్టం దృష్టిలో కొత్తవారిపై నిషేధం లేదు. కానీ 2024లో ఆ దేశంలో ఇంటివద్ద సేవల కోసం నిరీక్షణ జాబితాల్లో ఏడు లక్షల మందికి పైగా ఉన్నారు. పాత రాష్ట్రంలో ఏళ్ల తరబడి ఎదురుచూసి సహాయకుని పొందిన వ్యక్తి, సరిహద్దు దాటిన మర్నాడు కొత్త వరుసలో చివరన నిలబడవలసి రావచ్చు. తల్లిదండ్రులను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి మార్చాలనుకునే ప్రవాస తెలుగు కుటుంబాలకూ ఈ నియమాలే వర్తిస్తాయి.

ఐరోపా మరో దారి చూపింది. జర్మనీలో పనిచేస్తూ, సంరక్షణ బీమాకు చందా కడుతూ, ఫ్రాన్సులో నివసించిన మోలెనార్ దంపతుల కేసులో ఐరోపా న్యాయస్థానం 1998 మార్చి 5న తీర్పు ఇచ్చింది. నగదు రూపంలో ఇచ్చే సంరక్షణ భత్యాన్ని లబ్ధిదారు మరో సభ్య దేశంలో నివసిస్తున్నారన్న కారణంతో నిరాకరించరాదని తేల్చింది. నర్సు వచ్చి చేసే సేవ స్థానికంగా అందేది. చేతికి ఇచ్చే సొమ్ము ఎక్కడికైనా చేరగలిగేది. ఈ విభజన మన పరిస్థితికీ వర్తిస్తుంది. ఖరగ్‌పూర్‌లో విశ్రాంత రైల్వే ఉద్యోగి పింఛను ఇప్పటికే ఈ పద్ధతిలో నడుస్తోంది.

బియ్యం దాటిన సరిహద్దు

మన దేశంలోనే దీనికి సమీపమైన పూర్వానుభవం ఉంది. ఒక దేశం ఒకే రేషన్ కార్డు విధానం 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య, గుజరాత్, మహారాష్ట్ర మధ్య ప్రయోగంగా మొదలైంది. వలస కార్మికుల కష్టాలపై స్వయంగా విచారణ చేపట్టిన సుప్రీంకోర్టు 2021 జూన్ 29న, అన్ని రాష్ట్రాలూ ఆ ఏడాది జూలై 31లోగా దీనిని అమలు చేయాలని ఆదేశించింది. 2022 జూన్‌లో అస్సాం చేరికతో దేశమంతా ఈ విధానం కిందికి వచ్చింది. శ్రీకాకుళం జిల్లా కార్డుదారు ఖరగ్‌పూర్ రేషన్ దుకాణంలో వేలిముద్ర వేసి తన వాటా ధాన్యం తీసుకోవడం సాధ్యమైంది.

అయితే ఈ ఉదాహరణ హద్దు కూడా గుర్తుంచుకోవాలి. సరిహద్దు దాటేది 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం కింద కేంద్రం భరించే వాటా మాత్రమే. రాష్ట్రాలు అదనంగా ఇచ్చే సరకులు దాటవు. పింఛనుకు ఇదే నియమం యథాతథంగా అన్వయిస్తే దాటేది రూ. 200 లేదా రూ. 500. అంత స్వల్ప మొత్తంతో ఆయా జీతం మాట అటుంచి మందుల ఖర్చు కూడా తీరదు. బియ్యం విషయంలో విజయం సాధించడానికి కారణం సాంకేతికత ఒక్కటే కాదు. ఖర్చు ఎవరిదన్న ప్రశ్నకు ముందే సమాధానం ఉండటం అసలు కారణం.

రాష్ట్రాల భయాలు, సాధ్యమైన మార్గాలు

పింఛనును సరిహద్దు దాటించడానికి రాష్ట్రాలు చెప్పే అభ్యంతరాలు నిరాధారం కావు. ఒకే వ్యక్తి రెండు రాష్ట్రాల్లో సాయం పొందవచ్చన్నది మొదటిది. మంచం పట్టిన స్థితి నిజమేనా అని పరిశీలించడానికి లబ్ధిదారు అందుబాటులో ఉండాలన్నది రెండోది. 2025లో ఆంధ్రప్రదేశ్ అధిక పింఛను పొందేవారి స్థితిని వైద్య బృందాలతో పునఃపరిశీలన చేయించింది. దూర రాష్ట్రంలో ఉన్నవారిని ఎవరు పరీక్షించాలన్న ప్రశ్న అప్పుడు సహజంగానే తలెత్తుతుంది. ఎక్కువ సాయం ఇచ్చే రాష్ట్రానికి ఇతర రాష్ట్రాల నుంచి అవసరార్థులు తరలివస్తారన్నది మూడోది.

మొదటి రెండు అభ్యంతరాలకు పరిష్కారం ఉన్న వ్యవస్థల్లోనే దొరుకుతుంది. ఆధార్ అనుసంధానం వల్ల రెండు చోట్ల చెల్లింపును గుర్తించడం కష్టం కాదు. వైకల్య ధ్రువపత్రం దేశమంతటా చెల్లుతున్నప్పుడు, మేదినీపూర్‌లోని ప్రభుత్వ వైద్యుడు చేసిన పరీక్షను శ్రీకాకుళంలో అంగీకరించడానికి చట్టపరమైన అడ్డంకి కనబడదు. మూడో భయానికి సమాధానం కాలపరిమితి. నివాసం మార్చిన వ్యక్తికి పాత రాష్ట్రం ఆరు నెలలపాటు, లేదా కొత్త రాష్ట్రం దరఖాస్తుపై నిర్ణయం తీసుకునేంతవరకు, పాత మొత్తాన్ని కొనసాగిస్తే చాలు. శాశ్వత భారం ఎవరిమీదా పడదు. మధ్యలో ఏ ఆధారమూ లేని నెలలు ఉండవు.

దీర్ఘకాలంలో మాత్రం కేంద్రం వాటా పెరగకుండా ఈ చిక్కు విడదు. దేశమంతటా ఒకే స్థాయిలో కనీస సంరక్షక భత్యం ఉండి, దానిపై రాష్ట్రాలు తమ శక్తి మేరకు అదనంగా ఇచ్చుకుంటే, సరిహద్దు దాటినవారికి కనీసమైనా మిగులుతుంది. వృద్ధుల గృహ సంరక్షణ సేవలను చట్ట పరిధిలోకి తెచ్చే ప్రతిపాదనతో 2019లో లోక్‌సభ ముందుకు వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ సవరణ బిల్లు ఆమోదం పొందకుండానే కాలం చెల్లింది. ఆ ప్రతిపాదన మళ్లీ వచ్చినప్పుడు రాష్ట్రాంతర చెల్లుబాటు కూడా చర్చలోకి రావలసి ఉంది.

సంఖ్యల దృష్ట్యా కూడా ఇది చిన్న సమస్య కాదు. 2011 జనగణన ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారు పది కోట్లకు పైగా, వికలాంగులు 2.68 కోట్ల మంది. పుట్టిన ఊరినో గత నివాసాన్నో విడిచి వేరొక చోట ఉంటున్నవారు సుమారు 45 కోట్లు. వారిలో రాష్ట్రం దాటినవారు అయిదు కోట్లకు పైగా. వలస వెళ్లిన ఆ తరం ఇప్పుడు వృద్ధాప్యంలోకి అడుగుపెడుతోంది.

ప్రయాణానికి ముందు కుటుంబాలు చూసుకోవలసినవి

విధానం మారేంతవరకు నివాసం మార్చే కుటుంబాలు కొంత ముందుచూపుతో వ్యవహరిస్తే నష్టం తగ్గుతుంది. ఏ సాయం వ్యక్తి వెంట వస్తుంది, ఏది రాదు అన్నది మొదట విడదీసి రాసుకోవాలి. ఉద్యోగ పింఛను, కుటుంబ పింఛను, భవిష్య నిధి పింఛను, రైల్వే ఆరోగ్య పథకం, వైకల్య ధ్రువపత్రం, రేషన్‌లోని కేంద్ర వాటా వెంట వచ్చేవి. రాష్ట్ర పింఛను, రాష్ట్ర ఆరోగ్య కార్డు రానివి.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి జాతీయ ట్రస్టు నిర్వహించే నిరామయ బీమా ఏటా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. ఇది కేంద్ర పథకం కనుక రాష్ట్రం మారినా నిలుస్తుంది. అర్హత ఉండి చేరనివారు ప్రయాణానికి ముందే చేరడం మేలు.

ఆసుపత్రి రికార్డులు, డిశ్చార్జి పత్రాలు, మందుల చీటీల నకళ్లు దగ్గర ఉంచుకోవాలి. బెంగాలీలో ఉన్న పత్రాలకు ఆంగ్ల సారాంశాన్ని వైద్యుని వద్ద రాయించుకుంటే సచివాలయంలో, కొత్త ఆసుపత్రిలో పని సులువవుతుంది. ఆధార్‌లో, వైకల్య గుర్తింపు కార్డులో చిరునామా మార్పును ఒకే క్రమంలో చేయించుకోవాలి. రెండింటిలో వేర్వేరు చిరునామాలు ఉంటే దరఖాస్తు తిరిగి వచ్చే ప్రమాదముంది. రెండు రాష్ట్రాల్లో ఒకేసారి పింఛను తీసుకోవడం మాత్రం నిబంధనలకు విరుద్ధం. అలా తీసుకున్న సొమ్మును తర్వాత వసూలు చేసే అవకాశం ఉంటుంది. కొత్త చోట మంజూరు కావడానికి కొన్ని నెలలు పట్టవచ్చు కనుక, ఆ నెలలకు సరిపడా మందులు, ఆయా ఖర్చు ముందుగా చూసుకోవడం తప్పనిసరి.

ఇవన్నీ చేయగలిగేది చదువు, కొంత పొదుపు ఉన్న కుటుంబాలే. మిగిలినవారికి ఈ భారం మోయడం కష్టం. రైల్వే తన ఉద్యోగి ఎక్కడ ఉన్నా గుర్తుపట్టి పింఛను పంపగలుగుతోంది. రేషన్ దుకాణంలోని యంత్రం వలస కూలీ వేలిముద్రను ఏ ఊరిలోనైనా గుర్తిస్తోంది. మంచం పట్టిన మనిషిని మాత్రం రెండు రాష్ట్రాలూ తన నివాసి అవునా కాదా అని అడుగుతూనే ఉన్నాయి. ఆ విచారణ జరిగినన్నాళ్లూ ఆమెకు అన్నం తినిపించే మనిషి ఖర్చు ఎవరు భరించాలన్నదే ప్రభుత్వాలు తేల్చవలసిన విషయం.